పసిపిల్లలున్న ఇంట్లో ఏ చేతిపని పట్టాలి?

పిల్లలు లేని రోజుల్లో చేతిపని ఎంచుకోవడం తేలిక. ఏది అందంగా ఉంది, ఏది నేర్చుకోవాలని ఎప్పటినుంచో మనసులో ఉంది అని చూసుకుని సామాను కొనుక్కుంటాం. ఇంట్లో ఏడాది, రెండేళ్ల బిడ్డ పాకుతూ, లేస్తూ, పడుతూ తిరుగుతున్నప్పుడు మాత్రం ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ పనిని సగంలో, అదీ క్షణంలో, చేతిలోంచి కింద పెట్టి లేవగలనా? మళ్లీ వచ్చి పట్టుకుంటే ఎక్కడ ఆపానో వెంటనే తెలుస్తుందా?

అందం, ఖర్చు, నేర్చుకోవడానికి పట్టే సమయం, ఇవన్నీ ఆ తర్వాతే. ఎంతో ఇష్టంగా కుట్లు, అల్లికలు మొదలుపెట్టినవాళ్లు మధ్యలో మానేయడానికి చేతకాకపోవడం కారణం కాదు. పని ఆగిన ప్రతిసారీ మొదటికి రావడమే కారణం. లెక్క తప్పుతుంది, దారం చిక్కుపడుతుంది, సూది ఎక్కడ పెట్టామో గుర్తురాదు, దాంతో టెన్షన్. మనసు తేలికపడటానికి పట్టిన పని మరో బరువు అవుతుంది. అందుకే ఇక్కడ ఒక్కో పనినీ ముందు ఆ కోణంలోనే పోల్చి చెప్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో కొత్తగా ఏదైనా నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్లకి క్రోషే, అంటే కొస వంగిన ఒకే సూదితో చేసే అల్లిక. పిల్లలతో కలిసి కూర్చుని చేయడానికైతే మొదట కాగితం, ఆడుకునే పిండి ముద్ద. కుట్టు మిషన్ మంచిదే కానీ దానికి సమయం, చోటు రెండూ విడిగా కావాలి.

క్రోషేనా, నిట్టింగా?

రెండూ ఊలుతోనో, లావుపాటి కాటన్ దారంతోనో చేసే అల్లికలే. పూర్తయిన వస్తువును దూరం నుంచి చూస్తే చాలామందికి తేడా కూడా తెలియదు. చేతిలో ఉన్నప్పుడు మాత్రం రెండింటి స్వభావం పూర్తిగా వేరు.

క్రోషేలో కొస వంగిన సూది ఒక్కటే ఉంటుంది. ఒక కుట్టు పూర్తయి ఇంకొకటి మొదలయ్యేలోపు చూస్తే, ఆ సూది మీద తెరిచి ఉండేది ఒకే ఒక్క లూప్. వెనక ఉన్న అల్లికంతా అప్పటికే బిగిసిపోయి ఉంటుంది. బిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ ఒక్క లూప్‌ను కాస్త పెద్దగా లాగి వదిలేసి లేచిపోవచ్చు. సూది ఊడి కిందపడినా ఫర్వాలేదు. ఎవరైనా దారం పట్టుకుని లాగితే తప్ప అల్లిక విడిపోదు. విడిపోయినా నాలుగైదు కుట్లు పోతాయి, అంతే.

రెండు సూదులతో అల్లే నిట్టింగ్‌లో వరుసకి ఎన్ని లూప్‌లుంటే అన్నీ సూది మీద తెరిచే ఉంటాయి. అరవై లూప్‌ల ముక్కలోంచి పిల్లాడు సూది లాగేస్తే అరవైకి అరవై ఒకేసారి ఆధారం లేకుండా నిలబడతాయి. దారం గరుకుగా ఉండే ఊలు అయితే ఓపిగ్గా మళ్లీ సూదికి ఎక్కించుకోవచ్చు. నున్నటి కాటన్ అయితే జారిన ప్రతి లూప్ కింది వరుసలోకి, అక్కడినుంచి ఇంకా కిందికి జారుతూ నిలువునా తెరుచుకుపోతుంది. దాన్ని సరిచేయడం వచ్చినవాళ్లకే విసుగు పుట్టిస్తుంది, కొత్తవాళ్లయితే మొత్తం విప్పేసుకోవాల్సిందే. పైగా వరుస మధ్యలో ఆపితే, మళ్లీ పట్టుకున్నప్పుడు ఎటునుంచి ఎటు అల్లుతున్నామో తెలియక వెనక్కి అల్లేసే ప్రమాదమూ ఉంది.

అలాగని నిట్టింగ్ తక్కువదేమీ కాదు. సాగే గుణంలో క్రోషే దాని దరిదాపులకి రాదు. ఒంటికి అతుక్కుని మెత్తగా సాగాల్సిన స్వెట్టర్, మేజోళ్లు, టోపీ లాంటివి నిట్టింగ్‌లోనే బాగుంటాయి. అదే కొలత ముక్కకి క్రోషే సాధారణంగా ఎక్కువ దారం తింటుంది, అల్లిక కూడా కొంచెం మందంగా వస్తుంది. బొమ్మలు, బుట్టలు, దుప్పట్లు, టేబుల్ మీద పరిచే గుడ్డల లాంటి వాటికి ఆ మందమే పనికొస్తుంది.

మీకు ఇప్పటికే నిట్టింగ్ వచ్చి, చేతులు దానికే అలవాటుపడి ఉంటే క్రోషేకి మారాల్సిన అవసరం లేదు. కొన్ని మార్పులు చేసుకుంటే చాలు. పొడవాటి జత సూదుల బదులు, మధ్యలో తీగ ఉండే గుండ్రటి సూదులు తీసుకోండి. లేవాల్సి వచ్చినప్పుడు లూప్‌లన్నిటినీ ఆ తీగ మీదికి జరిపేస్తే అంత సులువుగా జారవు. సూది మొనలకి పెట్టే రబ్బరు మూతలు దొరుకుతాయి, అవి తప్పకుండా వాడండి. కొన్ని వరుసలకొకసారి వేరే రంగు సన్నదారాన్ని లూప్‌లన్నిటి గుండా దూర్చి వదిలేస్తే, ఎప్పుడైనా జారినా అల్లిక ఆ దారం దగ్గర ఆగిపోతుంది. నమూనా మాత్రం గార్టర్ కుట్టు లాంటిది పెట్టుకోండి. రెండు వైపులా ఒకే కుట్టు కాబట్టి లెక్క పెట్టుకోనక్కర్లేదు. లేసు నమూనాలు, తాడు మెలికలు తిరిగే డిజైన్లు పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చేదాకా పక్కన పెట్టండి.

క్రోషేలో కూడా అన్నీ సులువైనవి కావు. ఈమధ్య చాలామంది మొదటిరోజే చిన్న చిన్న బొమ్మలు అల్లాలనుకుంటారు. అవి గుండ్రంగా, ఆగకుండా తిరిగే అల్లిక. ప్రతి చుట్టులో ఎన్ని కుట్లు పెంచాలో, ఎన్ని తగ్గించాలో లెక్క ఉంటుంది. చుట్టు ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టుకోకపోతే బొమ్మ తల ఒక పక్కకి ఒరిగిపోతుంది. పిల్లలు పడుకున్నాక చేసుకునే పని అది. పగలు, వాళ్ల మధ్యలో కూర్చుని చేయడానికి గ్రానీ స్క్వేర్ అనే చిన్న చదరం ముక్కలు అన్నిటికంటే నయం. ఒక్కో ముక్క అరచేయంత. మూడేసి కుట్లు ఒక గుంపుగా, మూలల్లో రెండు గుంపులు. కళ్లతో చూస్తేనే తర్వాత ఎక్కడ వేయాలో తెలుస్తుంది, లెక్క రాసుకునే పని లేదు. ముక్కలు పోగయ్యాక అన్నిటినీ కలిపి కుట్టుకోవచ్చు. ఒక ముక్క పాడైనా మిగతావి భద్రం.

దారం గురించి ఒక మాట. మొదటి పనికి నల్లది, ముదురు నీలం కొనకండి. రాత్రి దీపం వెలుతురులో కుట్లు కనబడవు. లేత రంగు, మధ్యరకం మందం, దానికి 5 మి.మీ. సూది తీసుకుంటే కుట్లు పెద్దగా, స్పష్టంగా కనిపిస్తాయి. కాటన్ ఉతకడానికి బాగుంటుంది, చర్మానికి హాయి, కానీ బరువు, కాలంగడిచేకొద్దీ సాగుతుంది. అక్రిలిక్ తేలిక, చవక, మిషన్‌లో ఉతుక్కోవచ్చు. వేడి ఇస్త్రీపెట్టె తగిలితే మాత్రం పీచు కరిగి అల్లిక వదులైపోతుంది. అసలైన గొర్రె ఊలు వెచ్చగా ఉంటుంది. ప్రత్యేకంగా శుద్ధి చేయని ఊలును వేడినీళ్లలో వేసి రుద్దితే కుంచించుకుపోయి దళసరి గుడ్డలా అవుతుంది. రోజూ ఉతికే ఇంట్లో దానికి విడిగా శ్రద్ధ కావాలి. పాలు కక్కే, అన్నం పూసుకునే వయసు పిల్లలుంటే నేను కాటన్‌కే ఓటేస్తాను. నూగు ఎక్కువగా ఊడే మొహెయిర్ లాంటి దారాలు వాళ్ల దగ్గరికి రానివ్వకండి.

చేత్తో కుట్టడం, మిషన్ మీద కుట్టడం

ఎంబ్రాయిడరీని సగంలో ఆపడం సులువే. గుడ్డ మీద పువ్వు గీసి ఉంటే ఎంతవరకు నిండిందో కళ్లకే కనిపిస్తుంది. సూదిని గుడ్డకి గుచ్చి వదిలేయడం కాకుండా తీసి డబ్బాలో పెట్టే అలవాటు ఉంటే చాలు. గీసిన బొమ్మ మీద గొలుసు కుట్టు, కాడ కుట్టు లాంటివి వేసుకుంటూ పోయే పని ఒకటి, గళ్ల కాగితం చూసి లెక్కపెడుతూ వేసే క్రాస్ స్టిచ్ ఇంకొకటి. మొదటిదాన్ని ఎప్పుడు వదిలినా నష్టం లేదు. రెండోదానిలో ఒక్క గడి తప్పితే అది ఎంతో దూరం వెళ్లాక బయటపడుతుంది. క్రాస్ స్టిచ్ చేయాలనే ఉంటే అయిన గడులను పెన్సిల్‌తో కొట్టేస్తూ పోండి. పని ముగించిన ప్రతిసారీ ఫ్రేమ్ విప్పేస్తే గుడ్డ మీద గుండ్రటి మడత ముద్ర పడదు.

ఎంబ్రాయిడరీలో అసలు సమస్య సూది మొన. క్రోషే సూది కొస గుండ్రంగా ఉంటుంది, పిల్లలు పట్టుకున్నా గుచ్చుకోదు (కళ్ల దగ్గరికి పోకుండా చూసుకోవాలి, అది వేరే సంగతి). కుట్టు సూది సన్నం, పడితే కనబడదు. దీనికి నా పద్ధతి కఠినంగానే ఉంటుంది. ఒక్క సమయంలో బయట ఒక్కటే సూది, మూత బిగుతుగా ఉండే డబ్బా, లేచేముందు లెక్క. సూది కనబడకుండా పోతే గది దీపం ఆర్పి, టార్చిలైటును నేల మీద పడుకోబెట్టి వెలుగు పక్కనుంచి పడేలా తిప్పండి. మెరుపో, నీడో పట్టిస్తుంది. గుడ్డ మీద సూది నిలపడానికి చిన్న చిన్న అయస్కాంతాలు అమ్ముతారు. పసిపిల్లలున్న ఇంట్లో అవి వద్దు. అలాంటి బలమైన అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాగి, మధ్యలో చిక్కిన పేగు గోడకి రంధ్రం చేయగలవు. సూదులు గుచ్చే చిన్న దిండును డబ్బాలో పెట్టి మూత వేసుకోవడమే మేలు.

చేత్తో కుట్టేవాటిలో అందరూ చిన్నచూపు చూసేది మాసికలు, అతుకులు వేయడం. నాకు మాత్రం పిల్లలున్న ఇంట్లో అంతకంటే ఉపయోగపడే చేతిపని కనిపించదు. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు, ఊడిన గుండీ, విప్పుకుపోయిన అంచు ఎప్పుడూ ఉండేవే. ఒక్కోదానికి పట్టే సమయం తక్కువ. మొదలుపెట్టిన రోజే ముగుస్తుంది. చిరిగిన చోట చేపబొమ్మ ఆకారంలో అతుకు వేస్తే పిల్లలు ఆ ప్యాంటునే ఏరికోరి అడుగుతారు. కొత్తగా సూది పట్టేవాళ్లకి చేయి తిరగడానికి కూడా ఇదే మంచి బడి, ఎందుకంటే పాడవుతుందన్న భయం లేదు.

ఇక కుట్టు మిషన్. వేగంలో దీన్ని మించింది లేదు. బిడ్డ పడుకున్న సమయంలో ఒక చిన్న లాగు, ఒక గౌను కుట్టేయగలరు. కానీ ఆ పని మొదలవ్వాలంటే మిషన్ తీయాలి, దారం ఎక్కించాలి, బాబిన్ చుట్టాలి, గుడ్డ పరవాలి. లేవాల్సి వస్తే ఇవన్నీ నేల మీద, బల్ల మీద అలాగే ఉంటాయి. కరెంటు మిషన్‌కి కాలితో నొక్కే పెడల్ నేలమీదే ఉంటుంది, అంటే పాకే బిడ్డ చేతికి సరిగ్గా అందే ఎత్తులో. మీరు సూదికి దారం ఎక్కిస్తున్నప్పుడు బిడ్డ దాన్ని నొక్కితే సూది మీ వేలి మీదికి దిగుతుంది. కాబట్టి సూది దగ్గర చేయి పెట్టేముందు, లేచేముందు స్విచ్ కట్టేయడం తప్పనిసరి. పక్కనే వేడి ఇస్త్రీపెట్టె, దాని వైరు కిందికి వేలాడటం ఇంకా పెద్ద ప్రమాదం. చక్రంలా తిరిగే బ్లేడు కత్తి వాడేవాళ్లు ప్రతి గీతకీ లాక్ వేయాలి.

మిషన్ పనిని ముక్కలుగా విడగొడితే ఈ ఇబ్బందులు సగం తగ్గుతాయి. ఒకరోజు కత్తిరింపు మాత్రమే. ఇంకోరోజు ముక్కలు జతచేసి క్లిప్పులు పెట్టి సంచిలో వేయడం. గుండుసూదుల కంటే ఆ ప్లాస్టిక్ క్లిప్పులు పిల్లలున్న ఇంట్లో వంద రెట్లు నయం. కుట్టడం మూడోరోజు. అలా చేస్తే మిషన్ ముందు కూర్చునే సమయంలో కుట్టడం తప్ప వేరే పని ఉండదు. శబ్దం మాత్రం తప్పదు. చిన్న అలికిడికే లేచే బిడ్డ పక్కగదిలో ఉంటే మిషన్ గురించి ఇప్పట్లో ఆలోచించకపోవడమే మంచిది.

పిల్లలతో కలిసి చేసేవి

ఇక్కడ కొలమానం మారిపోతుంది. పెద్దవాళ్ల పనిలో తయారైన వస్తువు ముఖ్యం. పిల్లల పనిలో చేతులు చేసే పనే ముఖ్యం. మూడేళ్ల పాప అరగంట కూర్చుని కాగితాలు చింపి అంటిస్తే, చివరికి వచ్చింది ఏ ఆకారమూ కాకపోయినా ఆ వేళ్లకి కావాల్సింది దొరికినట్టే. ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో 1837లో పసిపిల్లల కోసం బడి తెరిచి, తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, కాగితం మడవడం, కాగితపు పట్టీలు నేయడం, అట్టమీద రంధ్రాల గుండా కుట్టడం, మట్టి పిసకడం లాంటివి పిల్లల రోజువారీ పనులుగా పెట్టాడు. 1919లో స్టుట్‌గార్ట్‌లో మొదలైన వాల్డార్ఫ్ బడుల్లో ఇప్పటికీ ఒకటో తరగతి పిల్లలు, అంటే ఆరేడేళ్ల వాళ్లు, నిట్టింగ్ నేర్చుకుంటారు. ఆ వయసు గమనించండి. నాలుగేళ్ల బిడ్డ చేతికి జత సూదులు ఇచ్చి రాలేదని నిరాశపడటంలో అర్థం లేదు.

రెండేళ్లలోపు వాళ్లకి చింపడానికి పాత కాగితాలు, లావుపాటి క్రేయాన్లు చాలు. వెడల్పాటి బ్రష్షు, గిన్నెలో కొంచెం నీళ్లు ఇచ్చి బయట నేలమీదో గోడమీదో 'రంగులు' వేయనివ్వండి. ఆరిపోగానే మాయమవుతుంది, మళ్లీ వేస్తారు. తుడిచే పని లేదు. నీళ్ల గిన్నె ఉన్నంతసేపు మాత్రం మీరు పక్కనే ఉండాలి.

మూడేళ్లు దాటితే కత్తెర. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తొందరపడి విసుక్కుంటారు. మొనలు గుండ్రంగా ఉన్న, నిజంగా తెగే కత్తెర కొనండి. తెగని ప్లాస్టిక్ కత్తెర బిడ్డ ఓపికని పరీక్షిస్తుంది. పల్చటి కాగితం వంగిపోయి రెండు అలుగుల మధ్య ఇరుక్కుంటుంది. కాస్త దళసరి అట్ట కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి ఇవ్వండి. ఒక్క నొక్కుకే ముక్క తెగి పడుతుంది, ఆ ఆనందంతో ఎంతసేపైనా కత్తిరిస్తారు. గీత వెంట కత్తిరించడం ఆ తర్వాత, వంపులు ఇంకా తర్వాత. పిండి ముద్దను పాములా చుట్టి దాన్ని కత్తిరించడం కూడా మంచి మొదలు. ఎడమచేతి వాటం బిడ్డకి ఎడమచేతి కత్తెరే కావాలి. మామూలు కత్తెరలో పై అలుగు గీతను కప్పేస్తుంది, పైగా నొక్కే తీరు అలుగులను విడదీస్తుంది. బిడ్డకి చేతకాలేదని మనం అనుకుంటాం, తప్పు కత్తెరది.

అంటించడానికి గమ్ స్టిక్, తెల్ల జిగురు రెండింట్లో మూడేళ్ల వాళ్లకి స్టిక్ సులువు. కానీ ఆకులు, గుడ్డపేలికలు, ఊలు ముక్కలు దానికి అంటవు. తెల్ల జిగురును సీసాతో ఇవ్వకుండా మూతలో కొంచెం పోసి బ్రష్షు ఇవ్వండి. మెరుపుల పొడి వద్దంటాను. కళ్లలో పడితే గీరుకుంటుంది, ఇంట్లోంచి ఎన్నటికీ పోదు.

పిసికే వాటిలో నాలుగు రకాలు ఉన్నాయి. ఆడుకునే మెత్తటి ముద్ద, ఉప్పు పిండి ముద్ద, గాలికి ఆరే క్లే, ఓవెన్‌లో కాల్చే పాలిమర్ క్లే. రోజూ ఆడుకోవడానికి మొదటిది. ప్లే-డో అనే పేరుతో 1956లో బొమ్మల అంగళ్లకి వచ్చిన ఈ ముద్ద అంతకుముందు గోడకాగితం మీది మసి తుడవడానికి అమ్మిన సరుకు. దాన్ని పిల్లల చేతికిచ్చి చూసింది ఒక నర్సరీ టీచర్. దాచుకునే వస్తువు కావాలంటే ఉప్పు పిండి. రెండు కప్పుల పిండి, కప్పు ఉప్పు, సుమారు కప్పు నీళ్లు కలిపి, చేసిన ఆకారాలను సన్నని సెగ ఓవెన్‌లో కొన్ని గంటలు ఎండనిస్తే గట్టిపడతాయి. బిడ్డ అరచేతి ముద్ర వేయడానికి ఇది చక్కగా పనికొస్తుంది. అయితే అందులో ఉప్పు చాలా ఎక్కువ, కడుపులోకి ఎక్కువగా పోతే పసిపిల్లలకి, పెంపుడు కుక్కలకి నిజంగా ప్రమాదం. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసు అయితే ముద్ద మీరు చేసి, ముద్ర మాత్రం వాళ్లచేత వేయించండి. గాలికి ఆరే క్లే శుభ్రంగా ఉంటుంది కానీ త్వరగా ఎండి పగుళ్లు తీస్తుంది. వాడని ముద్దను తడిగుడ్డతో కప్పాలి. పాలిమర్ క్లే పెద్దవాళ్లకి, పెద్దపిల్లలకి. దానికి వాడిన కత్తి, పీట, అచ్చులు మళ్లీ వంటకి వాడకూడదు.

నాలుగు, ఐదేళ్లకి సూది ఇవ్వొచ్చు, మొన మొద్దుగా, కన్నం పెద్దగా ఉండే ఊలు సూది. గుడ్డ బదులు జనపనార గోనెలాంటి వదులు నేత దాన్ని ఫ్రేమ్‌లో బిగించండి. దారాన్ని రెండు పోగులుగా చేసి కొసలు కలిపి ముడివేస్తే, లేదా సూది కన్నానికే ముడివేస్తే, ఊడిపోదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మాటిమాటికీ దారం ఎక్కించమని పిలవకుండా ఉండటానికి, వాళ్లు ధ్యాసగా కూర్చోవడానికి ఇదొక్కటే కారణం అవుతుంది. సూదిని ఫ్రేమ్ బయటినుంచి చుట్టి తెస్తారు. తెచ్చుకోనివ్వండి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి అన్నది చేతికి తనంతట తానే తెలుస్తుంది. ఐదేళ్లు దాటాక వేళ్లతో ఊలు అల్లడం, అట్టకి గాట్లు పెట్టి దారం చుట్టి నేయడం బాగా పట్టుబడతాయి.

పూసల సంగతి ప్రత్యేకం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకి చాలా దేశాల భద్రతా ప్రమాణాల్లో ఒక చిన్న గొట్టం పరీక్ష ఉంది. 31.7 మి.మీ. వ్యాసం ఉన్న ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ఏ వస్తువైనా గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉన్నదే అని లెక్క. ఇంట్లో అంతకంటే కొంచెం పెద్దదైన టాయిలెట్ కాగితం చుట్టలోని అట్ట గొట్టంతో చూసుకోండి, జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ అవుతుంది. అందులోంచి జారిపోయే పూసలు, గుండీలు, గింజలు చిన్నబిడ్డ ఉన్న గదిలో వద్దు. పెద్దపిల్ల పూసలు గుచ్చుతానంటే ఎత్తు బల్ల మీద, తమ్ముడు పడుకున్నాక. నీళ్లలో ఉబ్బే జెల్ పూసలు మాత్రం ఏ వయసుకీ తేవొద్దనే చెప్తాను. మింగితే కడుపులో కూడా ఉబ్బుతాయి.

పిల్లల కోసం ఏం చేయాలి?

పుట్టబోయే బిడ్డకి అందరూ మొదట అల్లేది దుప్పటి. ప్రేమగా అల్లండి, కానీ దాన్ని ఎక్కడ వాడాలో ముందే అనుకోండి. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా ప్రకారం ఏడాదిలోపు బిడ్డ పడుకునే చోట వదులు దుప్పట్లు, దిండ్లు, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదు. కాబట్టి అది ఒళ్లో వేసుకోవడానికి, నేలమీద పరిచి ఆడించడానికి. నమూనాలో పెద్ద పెద్ద కన్నాలుంటే చిన్ని వేళ్లు ఇరుక్కుంటాయి, దగ్గరి అల్లిక ఎంచుకోండి. దుప్పటికి, మెత్తటి బొమ్మకి మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను దుప్పటే అంటాను. బిడ్డ ఎదిగినా అది పనికొస్తుంది.

బొమ్మ చేస్తే కళ్లు దారంతోనే కుట్టండి. గుండీలు వద్దు. వెనక వాషర్ బిగించే 'సేఫ్టీ' కళ్లు కూడా మూడేళ్లలోపు వాళ్లకి వద్దు, ఎందుకంటే అల్లిక సాగితే అవీ బయటికి వస్తాయి. దూది బయటికి రాకుండా కుట్లు బిగుతుగా ఉండాలి. మేజోళ్లు, బూట్లు అల్లితే లోపలివైపు తిప్పి చూసి వదులు దారాలు కత్తిరించండి. ఒక్క పోగు కాలివేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగిపోయేంత ప్రమాదం. కారణం తెలియకుండా ఏడుస్తున్న బిడ్డ కాలివేళ్లు చూడమని చెప్పేది అందుకే. చొక్కాలకి, టోపీలకి మెడ దగ్గర లాగి కట్టే తాళ్లు పెట్టకండి, గుండీ చాలు. కొలత ఎప్పుడూ ఒక సైజు పెద్దదే తీసుకోండి. మీరు పూర్తిచేసేలోపు బిడ్డ పెరుగుతుంది.

ఎవరికి ఏది

ఒళ్లో పసికందు ఉన్నప్పుడు మొన ఉన్న ఏ పనీ వద్దు. బిడ్డని పక్కన పడుకోబెట్టాకే క్రోషే. పాకే వయసు నుంచి మూడేళ్ల దాకా అన్నిటికంటే కష్టకాలం. పగలు గ్రానీ స్క్వేర్, రాత్రి కావాలంటే ఎంబ్రాయిడరీ. దారం ఉండ మూతి బిగించే సంచిలోనే ఉండాలి, సోఫా మీద కాదు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలుంటే వాళ్ల కత్తెర, కాగితం ఒక పక్క, మీ మాసిక పని ఒక పక్క. రెండూ ఒకే బల్ల మీద సాగుతాయి. విడిగా తలుపు వేసుకునే గది ఉండి, ఇంకో పెద్దవాళ్లు ఒక గంట బిడ్డని చూసుకునే వీలున్నవాళ్లు మిషన్ తీసుకోండి. ఆ వీలు లేకుండా కొంటే అది అటకెక్కుతుంది. ఇద్దరు పిల్లలుండి వయసులో తేడా ఎక్కువ ఉంటే, చిన్నబిడ్డకి ఏది ప్రమాదమో దాన్ని బట్టే నిర్ణయించండి.

క్రోషేకి సిద్ధమైతే మొదట కొనాల్సింది తక్కువే. ఒక 5 మి.మీ. సూది, లేత రంగు కాటన్ ఉండ ఒకటి, మొద్దుమొన ఊలు సూది ఒకటి, మూతి బిగించే సంచి. సెట్లు, పెట్టెలు, పుస్తకాలు ఇప్పుడే వద్దు. మొదటి కొన్ని రోజులు చైన్ (ఒక లూప్‌లోంచి ఇంకోటి లాగుతూ చేసే గొలుసు) ఒక్కటే అల్లి విప్పుతూ ఉండండి, చేతిలో దారం ఒకే బిగువులో నడవడం రావాలి. తర్వాత సింగిల్ క్రోషే అనే పొట్టి, మామూలు కుట్టుతో ఒక చదరం ముక్క, గిన్నె కింద పెట్టుకునేంత. అంచులు ఒక పక్క సన్నబడుతుంటే వరుస చివరి కుట్టు వదిలేస్తున్నారని అర్థం. కొత్తవాళ్లందరికీ జరిగేదే. చివరి కుట్టుకి చిన్న రంగుదారం ముక్క కట్టి గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. ఆ చదరం నాలుగు పక్కలా సమంగా వచ్చిన రోజు గ్రానీ స్క్వేర్ మొదలుపెట్టండి.